అమ్మలు పారేయగా మిగిలిన కార్డులు

పోయిన నెల ఒక శనివారం మావాణ్ణి తీసుకుని ఇక్కడ డాలస్ దగ్గర జరిగే కార్డుల షోకి వెళ్లాను. పెద్ద హాలు, వరసగా టేబుళ్లు, వాటి మీద గాజు పెట్టెలు, వాటిలో ప్లాస్టిక్ కేసుల్లో బిగించిన బొమ్మల కార్డులు. ఒక టేబుల్ దగ్గర మావాడు ఆగిపోయాడు. పోకేమాన్ ఆటలోని చారిజార్డ్ అనే డ్రాగన్ బొమ్మ కార్డులు రెండు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ 1999 నాటివే, ఒకే ముద్రణ, ఒకే బొమ్మ. కార్డు ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే గ్రేడ్ ఒకదాని మీద 9 అని, ఇంకోదాని మీద 10 అని వేసి ఉంది. పది ఉన్నదాని ధర తొమ్మిది ఉన్నదానికి ఐదు రెట్లు పైనే చెప్తున్నాడు.

"నాన్నా, తేడా ఏంటి?" అన్నాడు మావాడు. నేను వంగి చూశాను, కళ్లజోడు తీసి చూశాను, పెట్టుకుని చూశాను. ఏమీ కనపడలేదు. టేబుల్ వెనక కూర్చున్న పెద్దాయన నవ్వి, చిన్న భూతద్దం చేతికిచ్చి, తొమ్మిది గ్రేడ్ కార్డుని వెనక్కి తిప్పాడు. పోకేమాన్ కార్డు వెనక చుట్టూ నీలం అంచు ఉంటుంది కదా, ఆ అంచు కింద ఎడమ మూలలో ఒక తెల్ల చుక్క. ఆవగింజలో సగం కూడా ఉండదు. ఎవరో ఒక పిల్లాడు ఇరవై అయిదేళ్ల కిందట కార్డుని టేబుల్ మీద నుంచి గోరుతో లేపి తీసి ఉంటాడు, అక్కడ రంగు లేచిపోయింది. అంతే. ఆ చుక్క ఖరీదు కొన్ని వేల డాలర్లు.

ఇంటికొచ్చాక కూడా నాకు ఆ చుక్కే కళ్లలో మెదులుతూ ఉంది. నాలుగైదేళ్లుగా ఈ కార్డుల వ్యవహారం దగ్గర నుంచి చూస్తున్నాను, మావాడి వల్ల మొదలైంది గానీ ఇప్పుడు వాడికన్నా నాకే ఎక్కువ పట్టుకుంది. మనవాళ్ల ఫంక్షన్లలో కలిసినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, "ఒక అట్టముక్కకి అంత డబ్బేంటండీ, పిచ్చి కాకపోతే" అని. పిచ్చి కాదు. దానికి ఒక లెక్క ఉంది, నాకు అర్థమైనంతలో అది రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

అందరూ అనుకునేది ఏంటంటే, పాతది, తక్కువ ఉన్నది, కాబట్టి ఖరీదు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. కానీ అది సగం నిజం కూడా కాదు.

హోనస్ వాగ్నర్ కార్డు సంగతే చూడండి. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో బేస్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు పెట్టి అమ్మింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగు ఉండే చిన్న అట్టలు అవి. పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టులో ఆడే వాగ్నర్ బొమ్మ మొదట్లోనే ఆగిపోయింది. పిల్లలు తన బొమ్మ కోసం సిగరెట్లు కొనడం ఇష్టం లేక ఆయనే వద్దన్నాడని కొందరంటారు, తనకు డబ్బు ఇవ్వలేదని వద్దన్నాడని ఇంకొందరంటారు. ఏదైతేనేం, ఇప్పుడు లోకంలో యాభై అరవై మాత్రమే మిగిలాయి, 2022లో వాటిలో ఒకటి 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఇంతవరకూ "తక్కువ ఉంది కాబట్టి ఖరీదు" అనే మాట సరిగ్గానే ఉన్నట్టుంది.

అయితే అదే సెట్‌లో, అదే ఏళ్లలో, జో డాయిల్ అనే ఆటగాడి కార్డు ఒకటుంది. అప్పట్లో న్యూయార్క్ పేరుతో రెండు లీగుల్లోనూ జట్లు ఉండేవి. డాయిల్ ఆడింది అమెరికన్ లీగ్ జట్టుకి, కార్డు మీద పొరపాటున నేషనల్ లీగ్ అని పడింది, వెంటనే దిద్దేశారు. ఆ తప్పు పడిన కార్డులు ఇప్పుడు ఒక పదో, కాస్త అటూ ఇటుగానో ఉన్నాయి. అంటే వాగ్నర్ కన్నా ఎన్నో రెట్లు అరుదు. మరి ధర? వాగ్నర్ కన్నా చాలా తక్కువ. ఎందుకంటే డాయిల్ ఎవరో ఎవరికీ తెలీదు, ఆ కార్డుకున్న కథ ఒక అచ్చుతప్పు, అంతే. వాగ్నర్ మాత్రం 1936లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఎంపికైన మొదటి ఐదుగురిలో ఒకడు. ఆటంటే అంతగా తెలియని వాళ్లకు కూడా "ఆ సిగరెట్ కార్డు కథ" తెలుసు. ఎన్ని కార్డులు ఉన్నాయన్న దానికన్నా ఆ కార్డు కావాలనుకునే వాళ్లు ఎంతమంది ఉన్నారన్నదే ముఖ్యం.

ఇంకా గట్టి రుజువు కావాలంటే మికీ మాంటిల్. న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు, అమెరికాలో 1950లలో పెరిగిన మగపిల్లలకు ఆయన దేవుడితో సమానం. 1952లో టాప్స్ అనే బబుల్‌గమ్ కంపెనీ వేసిన 311వ నంబరు కార్డు 2022 ఆగస్టులో వేలంలో 1.26 కోట్ల డాలర్లు పలికింది. అప్పటి రేటులో దాదాపు 100 కోట్ల రూపాయలు. ఇది ఆయన మొదటి కార్డు కాదు, మొదటిది దానికి ముందు ఏడాది వేరే కంపెనీ వేసింది. ఇంకా వింత ఏంటంటే, టాప్స్ ఆ ఏడాది కార్డుల్ని విడతలుగా వేసింది, ఇది ఉన్న చివరి విడతలో మాంటిల్ కార్డుని మిగతావాటికన్నా రెట్టింపు అచ్చేశారు! అచ్చు లెక్క మాత్రమే చూస్తే పక్కనున్న పేరులేని ఆటగాళ్ల కార్డులే అరుదు.

మరి అన్ని కార్డులు ఏమయ్యాయి అంటే, అక్కడే అసలు కథ. ఆ విడత మార్కెట్‌లోకి వచ్చేసరికి బేస్‌బాల్ సీజన్ ముగింపుకొచ్చింది, షాపులవాళ్లు ఫుట్‌బాల్ వైపు మళ్లారు, సరుకు అమ్ముడుపోలేదు. ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడి ఉంటే, 1960లో సై బెర్గర్ అనే ఆయన, ఆ కార్డుల రూపకర్తల్లో ఒకడు, వందల పెట్టెల్ని పడవకెక్కించి న్యూజెర్సీ తీరం దాటాక అట్లాంటిక్ సముద్రంలో పారబోయించాడు. జాగా కావాలి కాబట్టి! మిగిలినవి పిల్లల చేతుల్లో పడ్డాయి. పిల్లలు వాటిని రబ్బరు బ్యాండు వేసి జేబుల్లో తిప్పారు, గోడకేసి విసిరే పందేలాడారు, సైకిల్ చక్రం ఊచల మధ్య క్లిప్పు పెట్టి తగిలించి మోటార్ సైకిల్ లాగా టపటపా చప్పుడు చేయించారు. తర్వాత వాళ్లు పెద్దై చదువులకో సైన్యానికో వెళ్లిపోతే అమ్మలు గది సర్దుతూ చెప్పుల డబ్బాల్లో ఉన్నవి చెత్తలో వేసేశారు. ఇక్కడ డెబ్బై దాటిన ఎవరిని కదిపినా "నా కార్డులన్నీ మా అమ్మ పారేసింది" అనే మాట వస్తుంది, నిజంగా బాధతోనే అంటారు.

ఆ పిల్లలే 1980లు వచ్చేసరికి నలభై ఏళ్ల వాళ్లయ్యారు, చేతిలో డబ్బులున్నాయి, పోగొట్టుకున్నది తిరిగి కావాలనిపించింది. సరిగ్గా అప్పుడే మసాచుసెట్స్‌లో ఒక ఇంట్లో తాకకుండా ఉండిపోయిన 1952 కార్డుల పెద్ద గుట్ట ఒకటి బయటపడింది. అందులోంచి వచ్చిన ఒక మాంటిల్ కార్డుని 1991లో ఒకాయన 50 వేల డాలర్లు పెట్టి కొన్నాడు. 1.26 కోట్లకు పోయింది ఆ కార్డే.

ఇది చదివినప్పుడు నాకు గుంటూరు గుర్తొచ్చింది. తొంభైలలో మాకు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్రంప్ కార్డులుండేవి. ర్యాంకు, హైటు, వెయిటు, చెస్టు, బైసెప్స్, ఎన్ని ఫైట్లు ఆడాడు, ఎన్ని గెలిచాడు. మధ్యాహ్నాలు అరుగు మీద కూర్చుని, పెద్దవాళ్లు పడుకున్నారు కాబట్టి గుసగుసగా "ర్యాంకు!" "పోరా, నాది మూడు!" అనుకుంటూ ఆడేవాళ్లం. మా అన్నయ్య దగ్గర మూడు సెట్లుండేవి, వాటిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇంటర్‌కి హాస్టల్‌కి వెళ్లాడో లేదో మా అమ్మ వాటిని పాత పేపర్లతో పాటు తూకానికి వేసేసింది. అన్నయ్య సెలవులకి వచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, ఆ సంగతి అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

మరి ఆ ట్రంప్ కార్డులు ఇప్పుడు దొరికితే వాటికి రేటు వస్తుందా అంటే, రాదు. అమ్మ పారేసింది, పిల్లలు పాడుచేశారు, మనసులో బలంగా నాటుకున్నాయి, అన్నీ ఉన్నాయి కదా, మరి ఎందుకు రాదు? దీని గురించి చాలా ఆలోచించాను. మా దగ్గరున్నవాటి మీద ఎవరు అచ్చేశారో, ఏ ఏడాది వేశారో ఏమీ ఉండేది కాదు. ఒకే బొమ్మ నాలుగు రకాల సైజుల్లో, నాలుగు రకాల రంగుల్లో వచ్చేది. ఏది మొదటిదో ఏది నకలో చెప్పే దారి లేదు. ఏది అసలుదో తేల్చలేని చోట ధర నిలవదు.

ఇక్కడ అమెరికాలో ఆ పని జెఫర్సన్ బర్డిక్ అనే ఒక మనిషి చేశాడు. కీళ్ల జబ్బుతో బాధపడుతూనే జీవితమంతా కార్డులు పోగుచేశాడు, ఏ కంపెనీ, ఏ కాలం, ఏ రకం అని విడదీసి ఒక్కో సెట్‌కి ఒక్కో గుర్తు పెట్టి కేటలాగ్ వేశాడు. వాగ్నర్ ఉన్న సెట్‌ని ఈ రోజుకీ టీ206 అనే అంటారు, అది ఆయన పెట్టిన పేరే. ఆయన 30 వేలకు పైగా బేస్‌బాల్ కార్డుల్ని ఆల్బమ్‌లలో అంటించి న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఉచితంగా ఇచ్చి 1963లో పోయాడు. డబ్బు కోసం చేసిన పని కాదు అది. కానీ ఆ కేటలాగ్ లేకపోతే ఈ కోట్ల వేలాలకు పునాదే లేదు. నాకు ఈ మొత్తం కథలో ఎవరి మీదైనా నిజంగా గౌరవం ఉందంటే అది ఆయన మీదే.

ఇక పోకేమాన్ దగ్గరికి వస్తాను, మావాడు అడిగింది దాని గురించే కదా. ఇంగ్లీషులో మొదటి సెట్ 1999 జనవరిలో వచ్చింది, 102 కార్డులు. అందులో మెరిసే హోలో కార్డులు పదహారు. ప్యాకెట్లలో దొరికే హోలోల్లో చారిజార్డ్ మిగతావాటికన్నా తక్కువేమీ అచ్చేయలేదు, నిడోకింగ్ అనే ఇంకో హోలో ఎంతో చారిజార్డ్ కూడా అంతే. కానీ స్కూల్లో పిల్లలందరికీ కావల్సింది ఆ నిప్పులు కక్కే డ్రాగనే. మొదటి విడత అచ్చు మీద బొమ్మ కింద ఎడమవైపు చిన్న నల్ల ముద్ర ఉంటుంది, ఫస్ట్ ఎడిషన్ అని. ఆ ముద్ర ఉండి, పదికి పది గ్రేడ్ వచ్చిన చారిజార్డ్ ఒకటి 2022 మార్చిలో 4.2 లక్షల డాలర్లు పలికింది.

ఆ ముద్ర ఉంటే చాలు అనుకుంటే అదే సెట్‌లోని మాచాంప్ అనే ఇంకో కార్డుని చూడండి. ఆ కార్డు ప్యాకెట్లలో కాకుండా ఇద్దరు ఆడుకునే స్టార్టర్ సెట్‌లో వచ్చేది, తర్వాతి విడతల్లో కూడా ఆ ముద్ర తీయకుండానే అచ్చేస్తూ పోయారు. అందుకని ముద్ర ఉన్న మాచాంప్‌లు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, మామూలు స్థితిలో ఉన్నదైతే ఒక కుటుంబం హోటల్లో భోంచేసే ఖర్చులో వచ్చేస్తుంది. వాట్సాప్‌లో ఎవరైనా "మా దగ్గర ఫస్ట్ ఎడిషన్ ఉంది, ఎంతొస్తుంది" అని ఫోటో పెడితే పదిలో ఎనిమిది సార్లు మాచాంపే. వాళ్లకు నిజం చెప్పడం నాకు కష్టంగా ఉంటుంది.

గ్రేడింగ్ విషయం. 1991లో పీఎస్ఏ అనే కంపెనీ మొదలైంది, కార్డు పంపితే చూసి ఒకటి నుంచి పది దాకా మార్కులేసి ప్లాస్టిక్ కేసులో సీల్ చేసి పంపుతారు. నాలుగు మూలలు, అంచులు, ఉపరితలం, బొమ్మ సరిగ్గా మధ్యలో పడిందా లేదా, ఇవీ చూసేవి. దీనివల్ల ఒక పెద్ద మార్పొచ్చింది, కార్డుని కళ్లారా చూడకుండానే ఎక్కడో కూర్చుని ఫోన్‌లో కొనచ్చు. ఎన్ని పదులు, ఎన్ని తొమ్మిదులు ఉన్నాయో కంపెనీయే లెక్క బయటపెడుతుంది. అప్పట్నుంచి "ఎన్ని కార్డులున్నాయి" అనేది పోయి "పదికి పది ఎన్ని ఉన్నాయి" అనేది వచ్చింది. కార్డు మామూలుదే అయినా పది గ్రేడ్ అరుదైతే అది వేరే వస్తువైపోతుంది. నేను చూసిన ఆ తెల్ల చుక్కకి అంత విలువ వచ్చింది ఇలాగే.

అయితే ఈ మార్కుల మీద నాకు పూర్తి నమ్మకం లేదు, కారణం కూడా ఉంది. పీఎస్ఏ మొట్టమొదట గ్రేడ్ చేసిన కార్డు ఒక వాగ్నరే. హాకీ ఆటగాడు వేన్ గ్రెట్స్కీ 1991లో ఇంకొకాయనతో కలిసి 4.51 లక్షల డాలర్లకు కొన్నది. ఎనిమిది గ్రేడ్ ఇచ్చారు. ఆ కార్డు అంచులు అంత పదునుగా ఉండటానికి కారణం, దాన్ని అంతకుముందు అమ్మిన వేలందారుడు అంచులు కత్తిరించడమే. ఆ సంగతి అతనే 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. అయినా ఆ కార్డు లోకంలో అన్నిటికన్నా పేరున్న కార్డుగానే ఉంది! ఆ మోసం కూడా దాని కథలో కలిసిపోయింది.

డబ్బు వస్తుందని తెలిశాక ఏమైందో కూడా చెప్పాలి. 1980ల చివర్లో పాత కార్డుల ధరల గురించి పేపర్లలో రావడం మొదలవగానే జనం కొత్త కార్డుల్ని పెట్టెలకు పెట్టెలు కొని, తెరవకుండా, అటకల మీద దాచారు, పిల్లల కాలేజీ ఫీజులకు పనికొస్తాయని. కంపెనీలు కోట్లలో అచ్చేశాయి. ఎవరూ పారేయలేదు, ఎవరూ సైకిల్ చక్రాలకు తగిలించలేదు. అందరూ దాచారు కాబట్టి అన్నీ మిగిలాయి. 1989లో అప్పర్ డెక్ అనే కంపెనీ వేసిన, కెన్ గ్రిఫీ జూనియర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు ఆ కాలం మొత్తానికి రాజు లాంటిది, అందులో పది గ్రేడ్ వచ్చినవే నాలుగు వేలకు పైగా ఉన్నాయి. మిగతావాటిని ఈ రోజు షోల్లో టేబుల్ కింద అట్టపెట్టెల్లో పోసి అమ్ముతుంటారు, ఎవరూ వంగి చూడరు. నేను చూస్తాను, ఆ పెట్టెల్ని చూస్తే ఎవరో ఒక తండ్రి లెక్కలు వేసుకుంటూ కొన్నవేమో అనిపిస్తుంది.

మరి ఇప్పుడు కావాలనే ఒకటే అచ్చేసే కార్డుల సంగతేంటని అడగచ్చు. 2025 ఆగస్టులో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు మైకేల్ జోర్డాన్, కోబీ బ్రయంట్ ఇద్దరి సంతకాలు, ఇద్దరి జెర్సీల మీది లోగో ముక్కలు ఉన్న ఒక కార్డు, 2007-08 సీజన్‌ది, లోకంలో ఒక్కటే ఉన్నది, 1.29 కోట్ల డాలర్లు పలికి మాంటిల్‌ని దాటేసింది. నేను పైన చెప్పినదానికి ఇది అడ్డం వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఒకటే అచ్చేసిన కార్డులు ఈ రోజుల్లో వేలకు వేలు వస్తున్నాయి, చాలావాటిని ఎవరూ పట్టించుకోరు. ఇందులో ఉన్నది ఆ ఇద్దరు, అందులో ఒకడు 2020లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు, ఇంకో సంతకం ఎప్పటికీ రాదు. పికాచు ఇలస్ట్రేటర్ అనే పోకేమాన్ కార్డయితే అసలు అమ్మకానికి పెట్టిన కార్డే కాదు. 1997, 98లలో జపాన్‌లో కోరోకోరో అనే పిల్లల పత్రిక బొమ్మలు గీసే పోటీ పెట్టి, గెలిచిన పిల్లలకు ఇచ్చింది. అలా పంచినవి 39. యూట్యూబర్ లోగన్ పాల్ 2021లో దానిలో పదికి పది ఉన్న ఒకే ఒక్క కార్డుని 52.75 లక్షల డాలర్లకు తీసుకున్నాడు. నాకు ఆ ధర కన్నా ఆ 39 మంది పిల్లలే ఎక్కువ గుర్తుంటారు, పెన్సిళ్లతో పోకేమాన్ బొమ్మలు గీసి పోస్టులో వేసి ఎదురుచూసిన పిల్లలు.

నేను కూడా 2021లో దెబ్బతిన్నాను. కోవిడ్‌లో అందరూ ఇళ్లలో కూర్చున్నప్పుడు కార్డుల పిచ్చి మళ్లీ ముదిరింది, పార్కింగ్ స్థలంలో కొట్లాట జరిగాక టార్గెట్ షాపుల్లో కొన్నాళ్లు కార్డులు అమ్మడమే ఆపేశారు. అప్పుడు ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర 1999 నాటి సీల్ తీయని ప్యాకెట్లు రెండు కొన్నాను, మావాడి పుట్టినరోజుకి. ఎంత పెట్టానో మా ఆవిడకు ఈ పోస్టు చదివితేనే తెలుస్తుంది, అందుకే ఇక్కడా రాయట్లేదు. రెండూ తెరిచాడు, రెండిట్లోనూ హోలో లేదు. తర్వాత తెలిసింది, పాత ప్యాకెట్లను సన్నటి తక్కెడలో తూస్తారట. హోలో కార్డు మీద రేకు పొర ఉంటుంది కాబట్టి ఆ ప్యాకెట్ కొద్దిగా బరువుంటుంది. బరువున్నవి ఏరి పెట్టుకుని తేలికవి నాలాంటి వాళ్లకు అమ్ముతారు. అతను అలా చేశాడని నిరూపించలేను. కానీ మావాడు ఆ రోజు చివరి కార్డు దాకా ఒక్కొక్కటే మెల్లగా తిప్పి, "పర్లేదు నాన్నా, బొమ్మలు బాగున్నాయి" అన్నాడు చూడండి, అది నాకు ఇంకా గుచ్చుకుంటుంది.

షో నుంచి వచ్చేటప్పుడు వాడు తన డబ్బులతో ఒక చారిజార్డ్ కొనుక్కున్నాడు. కొత్త ముద్రణది, కేసు లేదు, గ్రేడ్ లేదు, పద్దెనిమిది డాలర్లు. కారెక్కగానే కవర్లోంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. నాకు నోటిదాకా వచ్చింది, "అంచులు పట్టుకో, మూలలు నలుగుతాయి" అని. అనలేదు. ఇంటికెళ్లాక పక్కింటి పిల్లలతో కింద కార్పెట్ మీద కూర్చుని ఆడారు. రాత్రి సర్దుతూ సోఫా కింద కనబడింది, వెనక్కి తిప్పి దీపం కిందకు తెచ్చి చూశాను. నీలం అంచు మీద, కింద కుడి మూలలో, తెల్ల చుక్క. తీసి వాడి పుస్తకాల పక్కన డబ్బాలో పెట్టాను. మా ఆవిడతో చెప్పాను, ఈ డబ్బా మాత్రం ఎప్పుడు సర్దినా పారేయొద్దని.